పనికి గడప కావలెను



హిందూపురము, పెనుకొండ, ధర్మవరము, ఈ మూడు ఊళ్లును ఒకే రైలు మార్గము మీద ఉన్నవి. గడచిన వేసవిలో ఒకే వారములో ఈ మూడు చోట్ల విశ్వాసుల యిండ్లను దర్శించుటకు నాకు వీలు కలిగెను. నేను అడుగకయే మూడు చోట్లను ఒకే ప్రశ్న నా యెదుటికి వచ్చెను. ఇంటివద్దనే కూర్చుండి పని చేయుట మేలా, లేక ఇల్లు విడిచి ఆఫీసునకో ఫ్యాక్టరీకో పోయి పని చేయుట మేలా? ఇది జీతమునకును బస్సు చార్జీలకును సంబంధించిన ప్రశ్నయని మొదట తలంచితిని. వారము ముగియునప్పటికి, ఇది మన యింటివారిని మనము ఏ కన్నులతో చూచుచున్నామను ప్రశ్నయని తెలిసికొంటిని.

హిందూపురములో ఒక యువకుడు మేడమీది చిన్న గదిలో కూర్చుండి బెంగుళూరులోని ఒక కంపెనీకి కంప్యూటరు పని చేయుచున్నాడు. 2020 మార్చి 25న దేశమంతట లాక్‌డౌను ఆరంభమైనప్పుడు అనేకులవలె అతడును పెట్టె సర్దుకొని యింటికి వచ్చెను. ఇప్పటికిని నెలలో కొన్ని దినములు మాత్రమే ఆఫీసునకు పోవుచున్నాడు. నేను వెళ్లిన సాయంత్రము తల్లి నాతో, “ఇంట్లోనే వుంటాడయ్యగారూ. అయినా వాడు నాతో నాలుగు మాటలు మాట్లాడి నాలుగు దినాలాయె. అన్నం కూడా ఆ కంప్యూటరు ముందరే” అనెను. కొడుకు క్రిందికి దిగివచ్చి, “బెంగుళూరులో పోనూ రానూ దినమూ మూడు గంటలు బస్సులోనే పోతాండె అయ్యగారూ. ఇంటికొస్తే ఆ మూడు గంటలు నావే అనుకుంటి. అవీ పనికే పోయినాయి. మళ్లా ఆఫీసుకే పోదామనిపిస్తాది” అని చెప్పెను.

పెనుకొండ మండలములో ఎర్రమంచి యొద్ద హైవే ప్రక్కన 2019 డిసెంబరులో కియా కార్ల ఫ్యాక్టరీ ప్రారంభోత్సవము జరిగిన సంగతి మీకు తెలియును. సంవత్సరమునకు 3 లక్షల కార్లు చేయగల పెద్ద కర్మాగారమది. దాని చుట్టును విడిభాగములు చేయు కంపెనీలు అనేకము వెలసినవి. ఆ ప్రాంతములోని యొక కర్మాగారమునకు షిఫ్టు బస్సులో పోయివచ్చు ఒక చిన్న వయస్సు తల్లిని చూచితిని. ఆమె చెప్పిన మాట యిది: “గేటు దాటి బయటికొచ్చినాక నన్ను ఎవరూ పిలవరు అయ్యగారూ. నెల కాగానే జీతం నా పేరుమీద పడుతుంది. అది మంచిదే. కానీ నా బిడ్డ మొదటి అడుగు వేసినప్పుడు మా అత్త చూసింది, నేను చూడలేదు. ఇంట్లోనే ఏదన్నా పనుంటే బాగుండు.”

ధర్మవరములో ఒక నేతగాని యింటికి వెళ్లితిని. ఇంటి ముందు గదిలోనే మగ్గమున్నది. గుంటలో కాళ్లు పెట్టుకొని అతడు పట్టుచీర నేయుచుండెను. “ఇంటిపట్టున పని, ఎండలో తిరుగులాట లేదు, నీవు ధన్యుడవు నాయనా” అని నేనంటిని. అతడు నాడె ఆపి నవ్వెను. “మా ఇంట్లో మగ్గముందని మీరనుకుంటారయ్యగారూ. మగ్గంలోనే మా ఇల్లుందని మేమనుకుంటాం. నా కూతురు మాత్రం పెనుకొండ పక్క ఫ్యాక్టరీకి పోతే చాలు” అనెను.

దూరపు కొండలు నునుపు అని మన పెద్దలు చెప్పిన సామెత నాకు జ్ఞాపకము వచ్చెను. ఆఫీసు విడిచినవాడు ఆఫీసును, ఇల్లు విడిచినది యింటిని, మగ్గములో ఉన్నవాడు ఫ్యాక్టరీని కోరుచున్నారు. ఈ ముగ్గురిని అజ్ఞానులని అందుమా? అనలేము. ముగ్గురును తమకు లేనిదానిని సరిగానే గుర్తించిరి. ఇంటి పనికిని బయటి పనికిని ఉన్న మేలును కీడును ముందు చూతము.

ఇంటి వద్ద పని చేయుట క్రొత్త సంగతి కాదు. ఆఫీసే క్రొత్తది. కొరింథు పట్టణములో పౌలు డేరాలు కుట్టుచు అకుల ప్రిస్కిల్లల యింటనే ఉండి వారితో కలిసి పనిచేసెనని అపొస్తలుల కార్యముల గ్రంథములో చదువుచున్నాము. ఆ యింటిలో పని, భోజనము, ప్రార్థన ఒకే కప్పు క్రింద జరిగెను. ఇంగ్లండు దేశములోను పూర్వము నూలు వడుకువారును నేయువారును తమ గుడిసెలలోనే ఆ పని చేసిరి. 1771లో రిచర్డు ఆర్క్‌రైటు క్రాంఫర్డు అను చోట నీటి శక్తితో నడుచు నూలు మిల్లును ఆరంభించెను. అటువంటి మిల్లులు పెరిగిన కొలది జనులు గంట మ్రోగగానే యిల్లు విడిచి పనికి పోవుటయు, గంట మ్రోగగానే పని విడిచి యింటికి వచ్చుటయు సాధారణమాయెను. అంతకుముందు ఇంటిలో నేయువారు సోమవారమంతయు ఊరకే గడిపి, వారము చివర రాత్రులు దీపము పెట్టుకొని నేయుట ఆ దేశములో వాడుకయే. గనుక ఇంటి పనిలో స్వేచ్ఛ ఉండెనుగాని విశ్రాంతి అంతగా లేదు.

మిల్లులో మొదట స్వేచ్ఛయు లేదు, విశ్రాంతియు లేదు. చిన్న బిడ్డలు కూడ పన్నెండు గంటలు నిలువబడి పనిచేసిరి. అయితే మిల్లునకు ఒక గేటు ఉండెను. గేటున్నచోటికి చట్టము రాగలదు, లెక్క చూడగలదు. మన దేశములో 1948లో చేయబడిన ఫ్యాక్టరీల చట్టము, పెద్దవారికి వారమునకు 48 గంటలకు మించి సాధారణముగా పని పెట్టరాదనియు, వారములో ఒక దినము సెలవు ఇయ్యవలెననియు శాసించెను. పెనుకొండలోని ఆ చెల్లెలు గేటు దాటిన తరువాత తన్ను ఎవరును పిలువరని చెప్పిన ధైర్యము వెనుక ఇటువంటి చట్టములును, వాటికొరకు పాటుపడిన జనులును ఉన్నారు.

ధర్మవరపు మగ్గమునకు గేటు లేదు. మజూరీ చీరకు ఇంత అని యిత్తురుగాని గంటకు ఇంత అని యియ్యరు. ఇన్‌స్పెక్టరు ఆ గడప దాటి వచ్చి, “అయ్యా, తొమ్మిది గంటలైనది, ఇక దిగుము” అని చెప్పడు. పెండ్లిండ్ల కాలములో మగ్గము రాత్రియు ఆడును. వర్షకాలములో గుంటలో చెమ్మ యూరినప్పుడు పని నిలిచిన దినములకు కూలి యిచ్చువాడు లేడు. 1972లో అహమ్మదాబాదులో ఇలా భట్ అను సహోదరి, ఇండ్లలోను వీధులలోను పనిచేయు స్త్రీలకొరకు ‘సేవ’ అను సంఘమును స్థాపించినప్పుడు, యజమాని లేనిచోట కార్మిక సంఘమెట్లని అధికారులు మొదట ప్రశ్నించిరి. ఆమె విడువలేదు. 1996లో జెనీవాలోని అంతర్జాతీయ కార్మిక సంస్థ, ఇంటి వద్ద పనిచేయువారిని ఇతర కూలివారితో సమానముగా చూడవలెనని ఒక ఒడంబడికను ఆమోదించెను. ఇంటిలో చేసిన పనియు పనియే. ఈ చిన్న మాటను లోకముచేత ఒప్పించుటకు అంత కాలము పట్టెను.

లోకమును నిందించుట సులభము. అయితే ఈ మాటను మన యిండ్లలో మనము ఒప్పుకొంటిమా?

నా తండ్రి ధర్మవరములో మగ్గము నేసెను. 1981లో జనాభా లెక్కలకు ఒక ఉపాధ్యాయుడు మా యింటికి వచ్చిన దినము నాకు బాగుగా జ్ఞాపకమున్నది. అప్పుడు నేను బడికి పోవు పిల్లవాడను. ఆయన పుస్తకము తెరచి నా తండ్రిని, “నీ పని?” అని అడిగెను. “నేతపని సామీ” అని నా తండ్రి చెప్పెను. “నీ భార్య?” అని అడిగెను. “ఏం లేదు సామీ, ఇంట్లోనే వుంటాది” అని నా తండ్రి జవాబిచ్చెను. ఆ క్షణమున నా తల్లి వారి వెనుకనే గోడకు ఆనుకొని రాట్నము త్రిప్పుచు కండెలు చుట్టుచుండెను. ఆ కండెలు లేక నా తండ్రి నాడె ఒక్క పోగైనను వేయజాలదు. తెల్లవారక ముందు ఆమె లేచెను, అందరును పండుకొనిన తరువాత ఆమె పండుకొనెను. నా తండ్రి చెడ్డవాడు కాడు, మమ్మును ప్రేమించినవాడే. అయినను ఆమె పని ఆయన కంటికి పనిగా కనబడలేదు. ఆయన మాట వినుచునే ఆమె రాట్నము ఆపకుండెను. ఎందుకనగా ఆమెకును అది పనిగా తోచలేదు.

చాల సంవత్సరముల తరువాత వేదాంత కళాశాలలో నాలుగవ ఆజ్ఞను చదువుచుండగా మా గురువు ఒక సంగతి చూపెను. విశ్రాంతి దినమున పని చేయకూడనివారి వరుసలో నీవు ఉన్నావు, నీ కుమారుడు, నీ కుమార్తె, దాసుడు, దాసి, పశువులు, నీ యింటనున్న పరదేశి ఉన్నారు. భార్య అను మాట ఆ వరుసలో లేదు. ఎందుకు లేదని మేము అడిగితిమి. “నీవు” అను మాటలో భర్తయు భార్యయు ఇద్దరును కలిసియున్నారు గనుక వేరుగా చెప్పనక్కరలేదని ఆయన వివరించెను. ఆ దినము నా తల్లి రాట్నము నా చెవులలో తిరిగెను. దేవుడు ఇద్దరిని ఒక్కటిగా లెక్కించి విడిచిన మాటను మనము అక్షరార్థముగా తీసికొంటిమి. ఎద్దునకు విశ్రాంతి ఇచ్చితిమిగాని కండెలు చుట్టు చేతులకు ఇయ్యలేదు.

ఆ ఆజ్ఞలో మరియొక సంగతి చూడుడి. అది రాజునకు చెప్పబడలేదు, ఫ్యాక్టరీ యజమానికి చెప్పబడలేదు. ఆ కాలమున ఫ్యాక్టరీలు లేవు. జనులందరును తమ యింటను, తమ పొలములోను, తమ మందతోను పని చేసికొనుచుండిరి. అట్టివారిలో ప్రతి గృహస్థునితోను ఆ మాట చెప్పబడెను. అనగా ఇంటి పనికి గేటు లేదు గనుక ఇంటివాడే గేటుగా నిలువవలెనని దాని భావము. ఆఫీసులో పని ఎప్పుడు ముగియునో చెప్పుటకు గంటయున్నది. ఇంటిలో ఆ గంట మ్రోగించు బాధ్యత ఇంటి యజమానిది. హిందూపురపు యువకుని బాధకు మూలమిదే. ఆఫీసు ఇంటికి వచ్చినదిగాని దాని గేటు వెంట రాలేదు.

“అయ్యగారూ, మా పనికి ఆదివారం తెలియదు గదా?” అని పట్టుపురుగులు పెంచు ఒక సంఘపెద్ద నన్ను ఒకప్పుడు అడిగెను. హిందూపురపు పట్టుగూళ్ల మార్కెట్టునకు గూళ్లు తెచ్చు మన రైతులందరికి ఈ కష్టము తెలియును. పురుగు పెద్దదైన చివరి దినములలో రాత్రింబగళ్లు ఆకు వేయవలసినదే. నూతిలో పడిన యెద్దును విశ్రాంతి దినమున పైకి తీయరాదని ప్రభువు చెప్పలేదు. ప్రాణముగల దానికి మేత పెట్టుట తప్పు కాదు. అయితే ఆ పెద్దతో నేను ఇట్లు చెప్పితిని: “నీ పురుగునే చూడుము. అది గూడు కట్టకముందు నాలుగు జ్వరములకు కూర్చుండును గదా. అప్పుడు అది ఆకు ముట్టదు, కదలదు, ఇంచుమించు ఒక దినము తల పైకెత్తి ఊరకే యుండును. అది సోమరితనమా?” అతడు నవ్వి, “కాదయ్యగారూ, జ్వరానికి కూర్చోకుంటే తోలు వదలదు, పురుగు పెరగదు” అనెను. ఆగుట పనికి శత్రువు కాదు, పెరుగుటకు మార్గమని ఆ చిన్న పురుగు మనకు బోధించుచున్నది. అందరును ఒక్కసారి ఆగలేనిచో వంతులవారిగా ఆగుడి. ఒకనికి ఒక పూట, మరియొకరికి మరియొక పూట. ఎన్నడును వంతు రానివారు ఆ యింట ఎవరైన ఉన్నారేమో, దానిని మాత్రము విచారించుడి.

ఇంటి పనిలో మరియొక శోధన కలదు. ఎవరును చూడరు గనుక చేయవలసినది చేయకుండుట. యజమాని కన్నులయెదుట మాత్రమే పని చేయువారిగా ఉండవద్దని పౌలు కొలొస్సయులకు వ్రాసిన పత్రికలో హెచ్చరించెను. చీరకు మజూరీ తీసికొనువాడు నెమ్మదిగా నేసినయెడల తనకే నష్టము. నెల జీతము తీసికొనువాడు ఇంటి వద్ద కంప్యూటరు తెరచి నిద్రించినయెడల అది ఇతరుల సొమ్ము. ఇంటి నుండి పని చేయుట నమ్మికమీద నిలిచిన యేర్పాటు. దానిని పాడుచేయువాడు తనకు మాత్రమే కాదు, నిజాయితీగా పనిచేయు పదిమందికిని ఆ వీలు పోగొట్టును. అట్లే యజమానులును తెలిసికొనవలెను. ఇంటిలో ఉన్నాడు గదా అని రాత్రి పదిగంటలకు పిలుచుటయు ఇతరుల సొమ్ము తీసికొనుటయే. అది వాని బిడ్డల సొమ్ము.

ఇట్లు వ్రాయుచున్న నేను నిర్దోషిని కాను. పాదిరి యింటికి ముందు గదియే ఆఫీసు. వచ్చువారు ఏ వేళనైనను వత్తురు. దానిని నేను గొప్పగా చెప్పుకొంటిని. నా చిన్న కుమార్తెకు ఏడెనిమిది సంవత్సరములప్పుడు ఒకరు వచ్చి తలుపు తట్టగా, “నాన్నగారు ఇంట్లో లేరు” అని ఆమె చెప్పుట విని, లోపల ప్రసంగము వ్రాయుచున్న నేను బయటికి వచ్చి అబద్ధమాడినందుకు మందలించితిని. ఆమె భయపడక, “ఆ గదిలో వున్నప్పుడు నువ్వు ఇంట్లో వుండవు కదా నాన్నా” అనెను. నేను మరల లోపలికి వెళ్లి కూర్చుంటినిగాని ఒక్క పంక్తియు వ్రాయలేకపోయితిని. ఇంటి వద్ద పని చేయువాడు ఇంటివారితో ఉన్నాడని చెప్పజాలము. దేహము ఒక చోట, మనస్సు మరియొక చోట ఉండవచ్చును. ఫ్యాక్టరీనుండి రాత్రి వచ్చి బిడ్డను ఎత్తుకొని అరగంట ఆడించు ఆ పెనుకొండ తల్లి, దినమంతయు ఇంటనుండిన నాకంటె ఎక్కువగా ఇంటిలో ఉన్నది.

కాబట్టి ఇల్లు మేలా, ఆఫీసు మేలా అని నన్ను అడిగినయెడల, అది ఆయా కుటుంబముల అక్కరనుబట్టి నిర్ణయించుకొనుడని చెప్పుదును. చంటిబిడ్డ తల్లికి కొంతకాలము ఇంటి పని మేలుగా ఉండవచ్చును. 2017లో ప్రసూతి ప్రయోజన చట్టమును సవరించినప్పుడు పార్లమెంటు ఈ సంగతి గుర్తించెను. ప్రసూతి సెలవు ముగిసిన తరువాత, పని అట్టిదైతే, యజమానియు ఆమెయు ఒప్పుకొని యింటినుండి పనిచేయుటకు అందులో చోటిచ్చెను. ఇంటి నాలుగు గోడల మధ్య మాట పలుకు లేక క్రుంగిన యువకునికి ఆఫీసు మేలు. తోటిపనివారి ముఖము చూచుటయు ఒక ఆహారమే. అయితే స్థలము ఏదైనను పనికి గడప కావలెను. మన యిరుగుపొరుగువారు గడపను కడిగి పసుపు పూయుదురు. మనము పూయము. అయినను గడప యెందుకున్నదో మనకును తెలియును. ఇది లోపల, అది వెలుపల అని అది చెప్పును. పనికి అటువంటి హద్దు లేనిచో, పని ఇంటికి వచ్చిన అతిథివలె మొదట మూల కూర్చుండి, తుదకు ఇంటివారినే బయటికి పంపును.

ప్రియులారా, ఈ నెలలో మీ యిండ్లలో మూడు సంగతులు చేయుడని బతిమాలుచున్నాను. మొదటిది, పని ఆపు వేళను నిర్ణయించుకొనుడి. మగ్గము గాని కంప్యూటరు గాని, ఆ వేళకు దానిమీద ఒక గుడ్డ కప్పుడి. తొందర పని వచ్చి ఒకనాడు తప్పినను మరునాడు మరల కప్పుడి. రెండవది, బయటికి పోవువారు ఇంటనున్నవారిని ఖాళీగా ఉన్నారని అనకుడి. ఇంటనున్నవారు బయటికి పోవు స్త్రీని బిడ్డను విడిచిపోయినదని అనకుడి. ఇద్దరును ఆ యింటి అన్నము కొరకే శ్రమపడుచున్నారు. మూడవది, మజూరీ చేతికి వచ్చిన దినమున దానిని భార్య చేతిలో పెట్టి, “ఇది మన యిద్దరి పని” అని బిడ్డలు వినునట్లు చెప్పుడి.

నా తండ్రి ఆ మాట చెప్పలేదు. చెప్పవలెనని ఆయనకు ఎవరును నేర్పలేదు. నా తల్లి గతించి పదునొకండు సంవత్సరములైనది. జనాభా లెక్కలవారు ఇంకొకసారి మన గుమ్మమునకు వచ్చి, “నీ భార్య ఏమి పని చేయును?” అని అడిగినప్పుడు, మనలో ఒక్కడును “ఏమీ లేదు” అని చెప్పకుండునట్లు ప్రభువు మన కన్నులు తెరచును గాక.